స్పిట్‌ఫైర్ 9 టాప్ స్పీడ్ చార్టుతో కలవట్లేదు, ఎవరైనా సరిగ్గా కొలిచి చూశారా?

మెర్లిన్_మారతహళ్లి

అందరికీ నమస్తే. ఆదివారం రాత్రి మన బెంగళూరు బ్యాచ్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో ఎగిరినప్పుడు మొదలైన వాదన ఇక్కడికి తెచ్చాను, వాయిస్ చాట్‌లో ఒకళ్ల మాట ఒకళ్లకి వినపడదు. విషయం రెండో ప్రపంచ యుద్ధం నాటి ఇంగ్లీషు ఫైటర్ స్పిట్‌ఫైర్ ఎల్‌ఎఫ్ మార్క్ 9, మెర్లిన్ 66 ఇంజన్, 18 పౌండ్ల బూస్ట్ (ఇంజన్‌లోకి గాలిని నొక్కే ఒత్తిడి). ఎక్కడ చూసినా దీని టాప్ స్పీడ్ 21,000 అడుగుల దగ్గర గంటకు 404 మైళ్లు అనే ఉంటుంది. సిమ్‌లో అదే ఎత్తుకి వెళ్లి, థ్రాటిల్ మొత్తం తోసి, 3000 ఆర్‌పీఎం పెట్టి, ముల్లు ఇక కదలదు అనుకునేదాకా నడిపాను. మీటర్‌లో 296 చూపించింది. ఆ ఎత్తులో గాలి సాంద్రత సముద్రమట్టంతో పోలిస్తే 0.515 వంతు, దాని వర్గమూలం 0.718, కాబట్టి 296ని 0.718తో భాగిస్తే 412. అంటే చార్టు కంటే 8 మైళ్లు ఎక్కువ! గన్నర్ ఏమో స్పిట్ మందంగా ఉందంటాడు, నా లెక్క ఏమో ఉండాల్సినదానికంటే ఎక్కువ పరిగెడుతోందంటోంది. డెవలపర్లకి రిపోర్ట్ పంపే ముందు ఎవరైనా ఇదే కొలిచి చెప్తారా?

గుంటూరు_గన్నర్

నేను మళ్లీ అదే చెప్తా, స్పిట్ మందంగానే ఉంది. జర్మన్ ఫైటర్ మెస్సర్‌ష్మిట్ 109 వెనక పడితే ఎంత సేపటికీ అందదు. డైవ్ చేసి వాడు జారుకుంటాడు, లెవెల్‌లో కూడా జారుకుంటాడు. చార్టు ఏం చెప్పినా యుద్ధంలో నాకు అనిపించేదే నాకు లెక్క. రోజూ ఎగిరే చేతికి తేడా తెలీదా చెప్పండి.

వైట్‌ఫీల్డ్_విహారి

గన్నర్ అన్నా, నువ్వు వెంటపడేది ఏ 109? మన సర్వర్‌లో అవతలివాళ్లకి ఇచ్చింది కే-4 రకం. అది 1944 చివర్లో వచ్చింది, పైఎత్తుల్లో గంటకు 700 కిలోమీటర్లు దాటుతుంది. నీ స్పిట్ 1943 నాటిది, 404 మైళ్లంటే 650 కిలోమీటర్లు. సిమ్ ఎంత ఖచ్చితంగా చేసినా అది నీకు అందకూడదు, అందితేనే తప్పు! నీకు అనిపించింది నిజమే, కానీ దానికి కారణం ఫ్లైట్ మోడల్ (సిమ్‌లో విమానాన్ని ఎగిరించే లెక్క) కాదు, సర్వర్‌లో ఎవరిని ఎవరితో జత కట్టారన్నది. ఈ రెండూ కలిపేస్తే ఈ చర్చ ఎప్పటికీ తెగదు.

మెర్లిన్ గారూ, మీ నంబర్ గురించి మాట్లాడే ముందు కొన్ని చెప్పండి. ఏ మ్యాప్, ఉష్ణోగ్రత ఎంత, గాలి ఉందా, ఇంధనం ఎంత వేశారు, స్లిప్ బాల్ (విమానం పక్కకి జారుతోందా అని చూపే గోళీ) మధ్యలో ఉందా. ఇవి తెలీకుండా 8 మైళ్లు ఎక్కువా తక్కువా అనడానికి లేదు. ఇంధనం ఒక్కటే చూడండి, స్పిట్ 9లో లోపలి ట్యాంకులు రెండూ కలిపి 85 ఇంపీరియల్ గ్యాలన్లు, గ్యాలన్‌కి 7.2 పౌండ్లు వేసుకుంటే 612 పౌండ్లు. ట్యాంకు నిండా ఉన్నదానికీ పావు ఉన్నదానికీ 460 పౌండ్ల తేడా. దాదాపు 7,400 పౌండ్ల విమానానికి అది 6 శాతం. టాప్ స్పీడ్ మీద దాని ప్రభావం తక్కువే, కానీ క్లైంబ్‌లోనూ టర్న్‌లోనూ బాగా తెలుస్తుంది.

మెర్లిన్_మారతహళ్లి

స్టాండర్డ్ వాతావరణమే పెట్టాను, సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీలు, 1013 హెక్టోపాస్కల్స్, గాలి సున్నా. ట్యాంకు సగం. బాల్ మధ్యలోనే ఉంది, రడ్డర్ ట్రిమ్ (తోక చుక్కాని సర్దుబాటు) జాగ్రత్తగా సరిచేశాను.

పాతవిమానం

మెర్లిన్ గారు పరిస్థితులు శ్రద్ధగా పెట్టారు, చాలా సంతోషం. ఎక్కువమంది ఆ పని చేయరు. నేను చాలా ఏళ్లు ఈ ఊళ్లోనే విమానాల టెస్టింగ్ వైపు పనిచేశాను, నేల మీద కూర్చుని డేటా చూసే పని. అందుకే ఈ 8 మైళ్లు ఎక్కణ్ణుంచి వచ్చాయో చూడగానే అర్థమైంది.

మీరు మీటర్ రీడింగ్ నుంచి నేరుగా సాంద్రత లెక్కకి దూకారు, మధ్యలో ఒక మెట్టు ఉంది. స్పీడ్ మీటర్ చూసేది పిటో ట్యూబ్ అనే, ముందుకి తెరిచిన గొట్టంలోకి కొట్టే గాలి ఒత్తిడిని. ఆ ఒత్తిడిని మైళ్లుగా మార్చే గీతలు సముద్రమట్టం గాలిని బట్టి గీసినవి. వేగం పెరిగితే ట్యూబ్ ముందు గాలి నొక్కుకుపోయి ఒత్తిడి కొంచెం ఎక్కువ చూపిస్తుంది. ఎత్తు పెరిగేకొద్దీ అదే రీడింగ్‌కి మాక్ నంబర్ (ధ్వని వేగంలో ఎన్నో వంతు అన్నది) పెరుగుతుంది కాబట్టి ఆ ఎక్కువ ఇంకా పెరుగుతుంది. 21,000 అడుగుల దగ్గర 404 మైళ్లంటే మాక్ 0.57. అక్కడ ఈ సవరణ మీటర్ మీద 6 మైళ్లు. 296లోంచి 6 తీసేస్తే 290, 290ని 0.718తో భాగించండి. 404.

మీ సిమ్ స్పీడ్ చార్టు మీదే ఉంది. ఈ ఒక్క సవరణ వదిలేసి పంపిన ఫిర్యాదులు నేను చాలా చూశాను, ఎత్తుకి వెళ్లేకొద్దీ విమానం అన్యాయంగా వేగంగా ఉందని రాస్తుంటారు. అసలు విమానాల్లో ఇంకో సవరణ కూడా ఉంటుంది, పొజిషన్ ఎర్రర్. పిటో ట్యూబ్, స్టాటిక్ రంధ్రాలు (చుట్టూ ఉన్న మామూలు గాలి ఒత్తిడి చూసేవి) ఉన్న చోట గాలి విమానం చుట్టూ వంపు తిరగడం వల్ల వచ్చే తేడా అది. ప్రతి విమానానికీ దాని పట్టిక వేరేగా ఉండేది. సిమ్‌లో దాన్ని పెట్టారో లేదో మాన్యువల్ చూసి తెలుసుకోవాలి.

నేనూ_ఎగురుతా

సర్ చాలా థాంక్స్. కొత్తగా చేరాను, ఒక డౌట్. స్టాండర్డ్ వాతావరణం అంత ముఖ్యమా? నేను చలికాలం మాస్కో మ్యాప్‌లో టెస్ట్ చేస్తున్నాను, అక్కడ అన్నీ వేగంగా ఎక్కుతున్నాయి.

పాతవిమానం

మన ఊరు పట్టుకుని చెప్తాను బాబూ. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ రోడ్డు మీదున్న హెచ్‌ఏఎల్ రన్‌వే సముద్రమట్టానికి దాదాపు 2,900 అడుగుల ఎత్తు. స్టాండర్డ్ లెక్కలో ఆ ఎత్తుకి 9 డిగ్రీలు ఉండాలి. ఏప్రిల్ మధ్యాహ్నం 35 ఉందనుకో, 26 డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 120 అడుగుల చొప్పున 3,100 అడుగులు కలుపు. నేల మీదే నిలబడిన విమానం 6,000 అడుగుల గాలిలో ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. టేకాఫ్‌కి పరుగు పెరుగుతుంది, ఎక్కడం తగ్గుతుంది.

నీ చలికాలం మ్యాప్ దీనికి సరిగ్గా తిరగేసి. మైనస్ 15 డిగ్రీలైతే నేల దగ్గర గాలి స్టాండర్డ్ కంటే దాదాపు 12 శాతం చిక్కగా ఉంటుంది. రెక్కకీ ప్రొపెల్లర్‌కీ ఇంజన్‌కీ అన్నిటికీ పండగే. అక్కడ కొలిచిన నంబర్‌ని స్టాండర్డ్ చార్టు పక్కన పెట్టకూడదు.

సిరి_కేఆర్‌పురం

మీటర్ నమ్మకుండా కొలిచే పద్ధతి ఒకటి ఉంది, నేను ఎప్పుడూ అదే చేస్తాను. గాలి సున్నా పెడితే భూమి మీద వేగమూ ట్రూ స్పీడూ (గాలిలో అసలు వేగం) ఒకటే. స్పీడ్ స్థిరపడ్డాక ఒకే దిక్కున మూడు నిమిషాలు పోయి, మొదలైన చోటికీ ఆగిన చోటికీ మధ్య దూరం మ్యాప్ మీద కొలవండి. 404 మైళ్లయితే మూడు నిమిషాలకి 20.2 మైళ్లు, అంటే 32.5 కిలోమీటర్లు రావాలి. సవరణల గొడవే లేదు. ట్యాక్‌వ్యూలో (ఎగిరిన దారిని తర్వాత చూపే సాఫ్ట్‌వేర్) రికార్డింగ్ పెట్టుకుంటే ఇంకా సులువు.

అందులో జాగ్రత్తగా చూసుకోవాల్సింది ఎత్తు. ఆల్టీమీటర్ పెద్ద ముల్లు ఒక్క అంకె కదిలితే 100 అడుగులు. మనకి లెవెల్‌గానే ఎగురుతున్నట్టు ఉంటుంది, కానీ ఆ 100 అడుగులు దిగినందుకు ఆ వేగం దగ్గర దాదాపు 4 మైళ్లు ఉచితంగా వస్తాయి. నిమిషంలో అది కరిగిపోతుంది, మీరు సరిగ్గా అప్పుడే స్క్రీన్‌షాట్ తీస్తే తప్పు నంబర్ చిక్కుతుంది. పైనుంచి దిగి స్పీడ్ పట్టుకోవద్దు, కింది వేగం నుంచి మెల్లగా పెరగనివ్వండి. చివరి రెండు మూడు మైళ్లు పెరగడానికి చాలా సేపు పడుతుంది, ఆ ఓపిక ఉండాలి.

ఇంకో మాట. ఒక్క టాప్ స్పీడ్ నంబర్ సరిపోతే విమానం సరిపోయినట్టు కాదు. గీత మొత్తం ఆకారం చూడాలి. మెర్లిన్ 66లో ఇంజన్‌లోకి గాలి నొక్కే సూపర్‌చార్జర్‌కి రెండు గేర్లు, అందుకే ఎత్తుకీ స్పీడుకీ గీసిన గీత రంపపు పళ్లలా ఉంటుంది. బూస్ట్ నిలబడే ఎత్తు వరకూ స్పీడ్ పెరుగుతుంది, తర్వాత తగ్గుతుంది, రెండో గేర్ పడ్డాక మళ్లీ పెరుగుతుంది.

దీనికి మంచి ఉదాహరణ జర్మన్ ఫైటర్ ఫోకెవుల్ఫ్ 190. 1942 జూన్ 23న జర్మన్ పైలట్ ఆర్మిన్ ఫాబర్ దారి తప్పి వేల్స్‌లోని పెంబ్రీ ఎయిర్‌ఫీల్డ్‌లో దిగిపోయాడు, 190ఏ-3 చెక్కుచెదరకుండా ఇంగ్లీషువాళ్ల చేతికి చిక్కింది. వాళ్లు దాన్ని స్పిట్‌ఫైర్ 9 పక్కన నడిపి చూశారు. 2,000 అడుగుల దగ్గర 190 ఏడెనిమిది మైళ్లు ముందు. 5,000 దగ్గర దాదాపు సమానం. 8,000 దగ్గర స్పిట్ 8 మైళ్లు ముందు. 15,000 దగ్గర స్పిట్ 5 ముందు, 18,000 దగ్గర మళ్లీ 190 మూడు మైళ్లు ముందు, 21,000 దగ్గర సమానం, 25,000 దగ్గర స్పిట్ ఐదు నుంచి ఏడు ముందు. ఏది వేగంగా ఉంటుంది అనే ప్రశ్నకి ఎత్తు చెప్పకుండా జవాబే లేదు!

ఆ 190 రూపకర్త కుర్ట్ టాంక్ తర్వాత మన బెంగళూరుకే వచ్చి హెచ్‌ఏఎల్‌లో మారుత్ జెట్ ఫైటర్ డిజైన్ చేశాడు, 1961 జూన్ 17న అది మొదటిసారి ఎగిరింది. హెచ్‌ఏఎల్ మ్యూజియంలో మారుత్ ఉంది, చూడనివాళ్లు ఒక్కసారి వెళ్లి రండి.

వైట్‌ఫీల్డ్_విహారి

సిరి గారు చెప్పినదానికి ఒక చిన్న సవరణ. ఆ పోటీలో ఉన్న స్పిట్ 9 మెర్లిన్ 61ది. మనం మాట్లాడేది 66ది, దాని గేర్లు వేరు, బూస్ట్ నిలబడే ఎత్తులు వేరు. ఆ పట్టిక తెచ్చి మన ఎల్‌ఎఫ్ పక్కన పెడితే కలవదు. ఇంకోటి, చేజిక్కిన విమానం టెస్టుల్లో ఇంజన్ ఎలా ఉంది, ఎవరి ఇంధనం పోశారు, శత్రువు దాన్ని ఎంత లిమిట్ దాకా నడిపేవాడు అన్నవి తప్పక చూసుకోవాలి. ఫ్యాక్టరీ లెక్కగట్టి రాసిన అంకెలకీ, నిజంగా ఎగిరి కొలిచిన అంకెలకీ కూడా తేడా ఉంటుంది. చార్టు ఇస్తే ఎవరు కొలిచారు, ఎప్పుడు, ఏ బూస్ట్, ఎంత బరువు అన్నది కూడా పెట్టండి.

గుంటూరు_గన్నర్

బూస్ట్ మాట వచ్చింది కాబట్టి అడుగుతున్నా. 25 పౌండ్ల స్పిట్‌లు ఉండేవి కదా, మనకి 18 ఎందుకిచ్చారు? అది ఇస్తే కే-4 ముందు నిలబడొచ్చు.

వైట్‌ఫీల్డ్_విహారి

ఉండేవి. 1944 ఎండాకాలం జర్మన్ల వీ-1 ఎగిరే బాంబులు ఇంగ్లండ్ మీద పడుతున్నప్పుడు 150 గ్రేడ్ ఇంధనం తెచ్చారు, దానితో 25 పౌండ్లు నడిపారు. మామూలు 100/130 ఇంధనం మీద 18. ఇది బయటి ఒత్తిడి 14.7కి పైన లెక్క, మొత్తం 32.7, అమెరికన్ మీటర్‌లో 67 అంగుళాల పాదరసం. అమెరికన్ ఫైటర్ ముస్టాంగ్ డీ వార్ ఎమర్జెన్సీ పవర్ (అత్యవసరంలో వాడే గరిష్ఠ శక్తి) కూడా 67 అంగుళాలే, రెండిట్లో ఉన్నది మెర్లిన్ కుటుంబమే మరి. 25 అంటే 81 అంగుళాలు.

కానీ 25 వస్తే పైన కూడా స్పీడ్ పెరుగుతుందనుకోవద్దు. సూపర్‌చార్జర్ అదే, ఎక్కువ ఒత్తిడి ఇవ్వాలంటే అది కింది ఎత్తులోనే తన శక్తి అయిపోగొట్టుకుంటుంది. లాభమంతా కింద. 21,000 దగ్గర నీకు తేడా కనపడదు.

నేనూ_ఎగురుతా

క్లైంబ్ టెస్ట్ ఎలా చేయాలి? నేను టేకాఫ్ చేసి 400 కిలోమీటర్ల స్పీడ్ పట్టి పైకి లాగి స్టాప్‌వాచ్ నొక్కాను. చార్టు కంటే చాలా బాగా వచ్చింది.

పాతవిమానం

అది క్లైంబ్ కాదు బాబూ, నీ వేగాన్ని ఎత్తుగా మార్చుకున్నావు. గంటకు 400 కిలోమీటర్ల నుంచి 270కి తగ్గేలోపు ఇంజన్ ఏమీ చేయకపోయినా 340 మీటర్లు వస్తుంది. అంత ఎత్తు ఊరికే కలిసిందన్నమాట. క్లైంబ్ వేగం ఎంతో మాన్యువల్‌లో చూసి, నేలకి దగ్గరగా ఆ వేగం మీదే స్థిరపడి, ముక్కు ఎత్తి అదే వేగం పట్టుకుని ఎక్కు. ప్రతి 1,000 అడుగులకీ టైమ్ రాసుకో. మొదటి రెండు అంకెలు వదిలెయ్.

చేసిన క్లైంబ్ నమ్మొచ్చో లేదో చూడ్డానికి ఒక తనిఖీ ఉంది. లెవెల్‌గా ఎగురుతూ వేగం పెరిగే తీరు కొలువు. గంటకు 360 కిలోమీటర్లంటే సెకనుకి 100 మీటర్లు. ఆ వేగం దాటేటప్పుడు సెకనుకి 2 మీటర్లు చొప్పున పెరుగుతోందనుకో. 100ని 9.81తో భాగించి 2తో గుణిస్తే 20.4. అదే వేగంతో ఎక్కితే సెకనుకి 20 మీటర్ల చిల్లర, నిమిషానికి 4,000 అడుగులు రావాలి. ఈ రెండూ కలవకపోతే ముందు నీ కొలత తప్పు, తర్వాతే సిమ్‌ని అనుమానించు. ఇంజన్ దగ్గర మిగిలిన శక్తి ఒకటే, దాన్ని వేగానికి వాడినా ఎత్తుకి వాడినా లెక్క సరిపోవాలి.

గుంటూరు_గన్నర్

సరే, నాకు అసలు బాధ టర్న్‌లోనూ రోల్‌లోనూ (రెక్కల మీద అటూ ఇటూ దొర్లడం). అవి ఎలా కొలుస్తారు? అక్కడా చార్టులే అంటారా?

సిరి_కేఆర్‌పురం

టర్న్‌కి సులువైన లెక్క ఉంది గన్నర్ గారూ. సెకనుకి 100 మీటర్ల వేగంతో 3 జీ (బరువు మూడింతలైనట్టు అనిపించే బలం) మీద ఎత్తు పోకుండా తిరిగితే వృత్తం వ్యాసార్థం 360 మీటర్లు, ఒక చుట్టుకి 22.6 సెకన్లు. ఇది స్పిట్ అయినా 109 అయినా బస్సు అయినా ఒకటే, అందులో విమానం గొప్పేమీ లేదు. విమానం గొప్పతనమంతా ఆ 3 జీ మీద వేగం పడిపోకుండా ఎంతసేపు పట్టుకోగలదన్నదాంట్లో ఉంది. రష్యావాళ్లు 1,000 మీటర్ల ఎత్తులో పూర్తి చుట్టుకి పట్టే టైమ్ రాసేవాళ్లు, పోల్చడానికి అది బాగుంటుంది. ఎత్తు 50 అడుగులు కూడా పోనివ్వకుండా కనీసం రెండు చుట్లు తిరిగి, రెండో చుట్టు టైమ్ తీసుకోండి. మొదటి చుట్టులో పాత వేగం ఇంకా కరుగుతూ ఉంటుంది.

రోల్ మాత్రం చిక్కే. అందరూ తెచ్చేది ఎన్‌ఏసీఏ (అప్పటి అమెరికా విమాన పరిశోధన సంస్థ) రిపోర్ట్ 868 లోని చార్టు. 190 గంటకు 255 మైళ్ల దగ్గర సెకనుకి 160 డిగ్రీలు తిరుగుతుందని అక్కడే ఉంది. కానీ ఆ చార్టు 10,000 అడుగుల ఎత్తులో, కంట్రోల్ కర్ర మీద 50 పౌండ్ల బలం వేస్తే వచ్చేది. మన టేబుల్ మీదున్న జాయ్‌స్టిక్‌కి ఆ బరువు తెలీదు, చివరిదాకా వంచడానికి వేలు చాలు. సిమ్ లోపల పైలట్ బలం ఎంత అనుకున్నారో అదే ఫలితాన్ని నిర్ణయిస్తుంది. 200 మైళ్ల దగ్గర కలిసి 350 దగ్గర కలవకపోతే విమానం కంటే ఆ ఊహనే ముందు అనుమానించాలి. ఇంకా ఆ చార్టులో రెక్క కొసలు కోసిన స్పిట్ వేరు, మామూలు స్పిట్ వేరు, చాలామంది ఆ రెండు గీతలూ కలిపేస్తారు.

మెర్లిన్_మారతహళ్లి

సిరి గారి పద్ధతిలో మళ్లీ నడిపాను. 21,000 అడుగులు, ట్యాంకు సగం, మూడు నిమిషాలకి 32.3 కిలోమీటర్లు. గంటకు 646, మైళ్లలో 401. పాతవిమానం మాస్టారు చెప్పిన సవరణతో మీటర్ లెక్క 404. రెండూ ఒక శాతం లోపే, ఫ్యాక్టరీ నుంచి వచ్చే రెండు విమానాల మధ్య కూడా అంత తేడా మామూలే. టాప్ స్పీడ్ మీద నాకిక ఫిర్యాదు లేదు.

కానీ గీత ఆకారం చూద్దామని 2,000 అడుగులకి ఒకటి చొప్పున నడిపితే ఒక చోట తేడా కనిపిస్తోంది. రెండో గేర్ చార్టులో ఉన్నదానికంటే కింద పడుతోంది, ఆ చుట్టుపక్కల స్పీడ్ తగ్గుతోంది. సరిగ్గా గన్నర్ ఎక్కువగా పోట్లాడే ఎత్తులు అవే.

గుంటూరు_గన్నర్

చూశారా, నా చేతికి తెలిసింది ఇదే!

పాతవిమానం

అయ్యుండొచ్చు గన్నర్ గారూ, అందుకే పక్కాగా చూడాలి. మెర్లిన్ 66లో గేర్ మారేది ఒత్తిడిని చూసే స్విచ్‌తో, పైలట్ చేత్తో కాదు. టెస్టు విమానంలో ఆ స్విచ్‌ని ఏ ఎత్తుకి సర్దారో చార్టు పక్కన రాసి ఉంటుంది, ముందు అది చదవండి. ఎక్కేటప్పుడు గేర్ మారే ఎత్తూ, లెవెల్‌లో వేగంగా పోయేటప్పుడు బూస్ట్ నిలిచే ఎత్తూ ఒకటి కావు, ముందు నుంచి కొట్టే గాలి ఇంజన్‌కి తోడవుతుంది కాబట్టి లెవెల్‌లో ఆ ఎత్తు ఎక్కువ. మెర్లిన్ గారూ, మీరు పోల్చిన చార్టు క్లైంబ్‌దా, లెవెల్ స్పీడ్‌దా?

మెర్లిన్_మారతహళ్లి

లెవెల్ స్పీడ్‌దే సర్. కానీ గేర్ ఎత్తు మాత్రం క్లైంబ్ టెస్ట్ పేజీలోది తీసుకున్నాను. రెండూ లెవెల్ టెస్ట్ నుంచే తీసి మళ్లీ చూస్తాను.

వైట్‌ఫీల్డ్_విహారి

అయితే పంచుకుందాం. మెర్లిన్ గారు 8,000 నుంచి 12,000 వరకూ, నేను 12,000 నుంచి 18,000 వరకూ, 1,000 అడుగులకి ఒకటి. స్టాండర్డ్ వాతావరణం, గాలి సున్నా, ట్యాంకు సగం, ఇద్దరం ఇదే. సిరి గారూ, దూరం మీరు ట్యాక్‌వ్యూలోంచి తీస్తారా? మా ఇద్దరి చెయ్యీ పడని కొలత ఒకటి ఉండాలి. తేడా నిలబడితే ట్రాక్ ఫైళ్లు, చార్టు పేజీ జతచేసి రిపోర్ట్ పంపుదాం, ఒక్క ఎత్తు, ఒక్క ప్రశ్న, అంతే. రోల్ గొడవ అందులో కలపొద్దు, దానికి వేరే థ్రెడ్ పెడతాను.

సిరి_కేఆర్‌పురం

తీస్తాను. ఫైల్ పేర్లలో ఎత్తు, ఇంధనం రాయండి, లేకపోతే ఏది ఏదో తెలీదు. గన్నర్ గారు కూడా 12,000 దగ్గర ఒకటి నడిపి పంపాలి, ఆ ఎత్తు ఆయనకే బాగా అలవాటు.

గుంటూరు_గన్నర్

పంపుతా. శనివారం రాత్రి సర్వర్ ఖాళీగా ఉంటుంది, పదింటికి వస్తాను. బాల్ మధ్యలో పెట్టడం నాకు అంత అలవాటు లేదు, మెర్లిన్ నువ్వు ఒకసారి వాయిస్‌లో ఉండి చూపించు.